ఒక పొట్టేలుతో కవల పిల్లల మంద

సిద్దిపేట జిల్లాలో గొర్రెలను కాచు రైతును అడిగినచో, మేత తరువాత అతడు చెప్పు రెండవ చిక్కు పిల్లల కొరత. మన ప్రాంతపు గొర్రె ఈతకు ఒక్క పిల్లనే ఇచ్చును. కవలలు పుట్టుట అరుదు. ఇరవై గొర్రెలు కలవాడు పదహారు పిల్లలను నిలుపుకొన్నచో అది మంచి సంవత్సరమని తలచును. గొర్రెల సంఖ్యను పెంచి రాబడి పెంచుకొందమన్న బీళ్ళు వెనుకటివలె లేవు. 2020లో రంగనాయక సాగరు, 2022లో మల్లన్న సాగరు వచ్చిన పిమ్మట నీరు పారిన చోట్ల వరి పెరిగి, మేతకు వదలు భూమి తగ్గినది. కనుక ఉన్న గొర్రెల నుండియే ఎక్కువ పిల్లలను పొందు మార్గమును మనము ఆలోచింపవలెను.

ఇట్టి మార్గము ఒకటి కలదు. మన దక్కనీ గొర్రె పైననే అది పరీక్షింపబడినది. మహారాష్ట్రలోని సతారా జిల్లా ఫల్టన్‌లో నింబ్‌కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ వారు బెంగాలు సుందరవనములలోని గారోల్ అను చిన్న గొర్రెలను తెచ్చి దక్కనీ గొర్రెలతో సంకరపరచిరి. గారోల్ గొర్రె చూచుటకు మన మేకపిల్ల యంతయే ఉండును.  కాని ఈతకు రెండు, ఒక్కొక్కసారి మూడు పిల్లలను ఇచ్చును. ఈ గుణమునకు కారణము ఒకే ఒక జన్యువు. దానికి ఫెక్-బి అని పేరు. 1792-93 సంవత్సరములలో కలకత్తా నుండి ఆస్ట్రేలియాకు ఓడలో పోయిన బెంగాలు గొర్రెల ద్వారా ఇదే గుణము అచటి బూరూలా మెరినో మందకు చేరెనని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. 2001లో ఆ జన్యువు ఏదియో గుర్తింపబడినది. అప్పటి నుండి కొద్దిపాటి రక్తము తీసి, ఒక గొర్రెలో ఇది ఉన్నదో లేదో పరీక్షించి చెప్పుట సాధ్యమైనది. ఫల్టన్ వారు ఈ జన్యువుతో తయారు చేసిన రకమునకు నారి సువర్ణ అని పేరు పెట్టిరి. రాజస్థాన్‌లోని అవికానగర్ కేంద్ర గొర్రెల పరిశోధనాలయము వారు ఇదే జన్యువుతో అవిశాన్ అను రకమును తయారు చేసిరి.

ఒక గుణము ఒకే జన్యువుపై ఆధారపడుట రైతుకు మేలు. పాలు, బరువు వంటి గుణములు అనేక జన్యువులపై ఆధారపడును గనుక వాటిని పెంచుటకు ఎన్నియో తరములు పట్టును. ఇచట లెక్క సులభము. ప్రతి గొర్రెకును ఈ జన్యువు స్థానములో రెండు ప్రతులుండును. ఒకటి తల్లి ఇచ్చినది, ఒకటి తండ్రి ఇచ్చినది. ఫెక్-బి రెండు ప్రతులు గల పొట్టేలును మన మామూలు గొర్రెలపై విడిచినచో పుట్టిన ప్రతి పిల్లకును ఒక ప్రతి తప్పక వచ్చును. ఒకే ప్రతి గల పొట్టేలును విడిచినచో సగము పిల్లలకే వచ్చును. ఆ సగము ఏవియో కంటితో చూచి చెప్పుట ఎవరి తరము కాదు. రంగులో లేదు, కొమ్ములో లేదు, చెవిలో లేదు.

ఇచట పెక్కుమంది పొరబడు విషయమొకటి కలదు. దీనిని నిదానముగా చదువ గోరెదను. కవలల పొట్టేలును కొని మందలో విడిచినంత మాత్రమున ఆ సంవత్సరము కవలలు పుట్టవు. ఈ జన్యువు పని చేయునది ఆడుదాని అండాశయములో. ఒక ఎదలో ఎన్ని అండములు విడుదలయగునో అది నిర్ణయించును. పొట్టేలు తన కూతుళ్ళకు ఆ గుణమును అందించును గాని, మీ మందలోని ముసలి గొర్రెలను మార్చజాలదు. మొదటి ఈతలో అన్నియు ఒంటి పిల్లలే పుట్టును. అది చూచి 'మోసపోతిమి' అని పొట్టేలును సంతకు తోలి, దాని ఆడపిల్లలను కసాయికి అమ్మివేసినచో, పెట్టిన సొమ్ము ఫలితమిచ్చు దినములు రాకముందే పోయినట్లే.

కాలము లెక్క ఇట్లుండును. ఆషాఢములో పొట్టేలును విడిచినచో, గొర్రె అయిదు మాసములు మోయును గనుక మార్గశిర, పుష్యములలో పిల్లలు పుట్టును. ఆ ఆడపిల్లలు బలముగా పెరిగి కట్టుటకు రమారమి ఏడాదిన్నర వయస్సు కావలెను. అవి ఈనునప్పటికి మీరు పొట్టేలును కొని రెండున్నర సంవత్సరములగును. ఈ రెండున్నర ఏండ్లు ఇంటి ఖర్చులకు ఆడపిల్లలను అమ్మకుండ గడుపగలవారే ఈ పనికి పూనుకొనవలెను. అప్పు తెచ్చి ప్రారంభించు పని ఇది కాదు.

ఇక పెట్టుబడి. 2017 జూన్ 20న మన జిల్లా కొండపాకలోనే ప్రారంభమైన గొర్రెల పంపిణీ పథకములో ఒక యూనిటుకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు. వెల 1,25,000 రూపాయలుగా కట్టిరి. 2021లో దానిని 1,75,000 రూపాయలకు పెంచిరి. అనగా తల ఒక్కింటికి సుమారు 6,000 నుండి 8,300 రూపాయలు. మందను కొత్తగా కొనుట ఎంత బరువో దీనిని బట్టి తెలియును. మనము ఆలోచించు పద్ధతిలో గొర్రెలను కొనవలసిన పని లేదు. ఉన్న మందలో ఒక్క తలను, అనగా పొట్టేలును, మార్చినచో చాలును. కనుక ఉన్న సొమ్మంతయు ఆ ఒక్క తలపై పెట్టుట తెలివి. రెండు ప్రతులు గల పొట్టేలు వెల ఎక్కువయినను, ఒక ప్రతి గలదానికన్న అది రెట్టింపు పని చేయును. పరీక్ష ఫలితమును, పొట్టేలు చెవి బిళ్ళ సంఖ్యతో సహా, వ్రాతపూర్వకముగా తీసికొనవలెను. నోటిమాటపై కొనరాదు. ఒక పొట్టేలు 25, 30 గొర్రెలకు చాలును గనుక చిన్న మందలు గల ఇద్దరు ముగ్గురు కలిసి కొనవచ్చును. అయితే ఎవరి పెరట్లో ఎన్ని దినములు కట్టవలెనో ముందే తేల్చుకొనుడు. గొర్రె చేసిన నష్టముకన్న వాటాదారుల తగవు చేసిన నష్టము ఎక్కువ.

కొన్న పొట్టేలు తప్ప మందలో మరొక మగది ఉండరాదు. బీటిలో నాలుగు మందలు కలియు ఊళ్ళలో ఇది కష్టమే. ఎదుగుచున్న మగపిల్లలను ముందే వేరు చేయుడు, లేదా కడుపు క్రింద గోనెపట్ట కట్టుడు. లేనిచో ఏ పిల్లకు ఏది తండ్రియో తెలియక లెక్కంతయు తారుమారగును. పుట్టిన ప్రతి పిల్లకును చెవి బిళ్ళ వేసి, తల్లి సంఖ్య, పుట్టిన తేది ఒక పుస్తకములో వ్రాయుడు.

కూతుళ్ళు ఎదకు రాకముందే పొట్టేలును మందనుండి తప్పింపవలెను. తండ్రితో కట్టిన పిల్లలు నీరసముగా పుట్టుటయే కాక, వాటిలో సగమునకు రెండు ప్రతులు వచ్చును. రెండు ప్రతులు గల గొర్రె మూడేసి పిల్లలను ఈనుట కలదు. మన చొప్ప, బీటి మేతపై బ్రతుకు గొర్రెకు మూడు పిల్లల పాలు ఎక్కడివి? కనుక మన పరిస్థితులకు ఒక ప్రతి గల గొర్రెయే తగినది. ఆ కూతుళ్ళపై ఈ జన్యువు లేని మంచి మామూలు పొట్టేలును విడువుడు. మనుమరాళ్ళలో సగమునకు గుణము వచ్చును. ఏవియో పరీక్ష వలన గాని, రెండు ఈతలు చూచి గాని తెలిసికొనవలెను. మొదటి ఈతలో ఒంటి పిల్ల పుట్టెనని త్రోసివేయరాదు.

ఒక ప్రతి గల దక్కనీ సంకర గొర్రెలు ఫల్టన్ ప్రాంతమున పది ఈతలకు రమారమి పదిహేను పిల్లలను ఇచ్చినవి. ఎనిమిది కూతుళ్ళు మీకు నిలిచినవనుకొందము. మామూలుగా ఎనిమిది పిల్లలు పుట్టి ఏడు బ్రతుకును. ఇప్పుడు పన్నెండు పుట్టును. సూడి చివరి నెలన్నర, ఈనిన తరువాత రెండు మాసములు, మొత్తము వంద దినములు దినమునకు 300 గ్రాముల దాణా పెట్టినచో గొర్రెకు 30 కిలోలు, ఎనిమిదింటికి 240 కిలోలు కావలెను. కిలో 30 రూపాయలు అనుకొన్నచో 7,200 రూపాయలు. పిల్ల వెల 4,000 అనుకొన్నచో, పన్నెండింటిలో పది బ్రతికిన మూడు పిల్లలు అదనము, మిగులు 4,800. తొమ్మిది బ్రతికిన మిగులు 800 మాత్రమే. ఎనిమిదే బ్రతికినచో 3,200 నష్టము. మీ ఊరి ధరలు వేసికొని ఈ లెక్కను మరల కట్టి చూడుడు. లాభనష్టములు పుట్టిన పిల్లలలో లేవు, బ్రతికిన పిల్లలలో ఉన్నవి. కవలలలో ఒక్కొక్కటి తేలికగా పుట్టును గనుక చలికి మొదట పోవునవి అవియే. పుట్టిన గంటలోపల రెండింటికిని జున్నుపాలు తాగించుట, పుష్యమాసపు రాత్రులు గాలి తగులని పాకలో గడ్డిపై ఉంచుట, పాలు చాలని పిల్లకు మేకపాలు పట్టుట ఇంటి ఆడవారి ఓపికపై ఆధారపడును. వారు సమ్మతింపనిచో మగవారు ఈ పనికి పూనుకొనకుండుట మంచిది.

దాణాను ఇంటనే కలుపుకొనవచ్చును. నూరు పాళ్ళలో మక్కల నూక 40, తవుడు 37, వేరుశనగ చెక్క 20, ఖనిజ లవణ మిశ్రమము 2, ఉప్పు 1 చాలును. చెలక గట్లపై సుబాబుల్, అవిసె నాటినచో పచ్చి ఆకు దొరకి చెక్క ఖర్చు కొంత తగ్గును.

మన జిల్లా మందలలో ఎక్కువ భాగము నెల్లూరు జాతి రక్తము కలిసినవి. పై అంకెలు దక్కనీవి గనుక వాటిని గురుతుగా మాత్రమే గైకొనుడు. గొంగడి నేతకు పనికివచ్చు నల్ల ఉన్ని గల అసలు దక్కనీ మంద మీకు ఇంకను మిగిలియున్నచో దానినంతటిని సంకరపరపవలదు. సగమైనను శుద్ధముగా ఉంచుడు. అట్టి మందలు ఇప్పుడు అరుదు.

పొట్టేలును కొనుటకు వైశాఖ, జ్యేష్ఠములు అనుకూలము. తెచ్చిన వెంటనే మందలో కలుపక మూడు వారములు వేరుగా కట్టవలెను. నట్టల మందు తాగించి, పి.పి.ఆర్., చిటుకు రోగము, గొర్రె మశూచి, నీలినాలుక టీకాలు ఏవి వేసినవో అమ్మినవానిని అడిగి వ్రాసికొని, మిగిలినవాటిని మండల పశువైద్యాధికారి చెప్పిన వరుసలో వేయింపవలెను. గిట్టలు కత్తిరించి, దినమునకు అరకిలో దాణాతో మేపినచో ఆషాఢమునాటికి పొట్టేలు మందలో విడుచుటకు సిద్ధమగును.