ఒకే కేబుల్‌లో కరెంటు, ఇంటర్నెట్: విశాఖ ఐటీఐ, డిప్లొమా విద్యార్థులకు పీఓఈ పని

సీలింగ్‌కు బిగించిన వై-ఫై యాక్సెస్ పాయింట్ దగ్గర సాధారణంగా ప్లగ్ ఉండదు. డేటా తెచ్చే లాన్ కేబులే దానికి కరెంటు కూడా తెస్తుంది. ఈ పద్ధతి పేరు పవర్ ఓవర్ ఈథర్‌నెట్. ఫీల్డులో అందరూ పీఓఈ అంటారు. విశాఖపట్నంలో రుషికొండ ఐటీ కొండల మీది ఆఫీసులు, ఆరిలోవ హెల్త్ సిటీ ఆసుపత్రులు, బీచ్ రోడ్డు హోటళ్లు, మధురవాడ వైపు కాలేజీ హాస్టళ్లు ఈ పనికి సహజమైన చోట్లు. ఇలాంటి చోట తక్కువ ఖర్చుతో, సరైన వాట్లు, సరైన వేగం అందేలా ఏర్పాటు చేయాలంటే కరెంటూ తెలియాలి, నెట్‌వర్కూ తెలియాలి. అందుకే ఎలక్ట్రీషియన్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడ్లవాళ్లకు, ఈసీఈ డిప్లొమావాళ్లకు నెట్‌వర్కింగ్‌లోకి ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

ముందు తెలియాల్సినవి మూడు ప్రమాణాలు. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్‌లో స్విచ్ పోర్టు 15.4 వాట్లు ఇస్తుంది, పరికరానికి కనీసం 12.95 వాట్లు చేరతాయి. 2009 నాటి 802.3ఏటీలో, అంటే పీఓఈ ప్లస్‌లో, 30 ఇస్తే 25.5 చేరతాయి. 2018 నాటి 802.3బీటీ నాలుగు జతల తీగలనూ వాడి పోర్టు దగ్గర 60 లేదా 90 వాట్ల వరకు ఇవ్వగలదు. ఈ అంకెలను బట్టీ పట్టనక్కర్లేదు, లెక్క వేస్తే వచ్చేస్తాయి. ఏటీలో కనీస వోల్టేజీ 50. అందులో 30 వాట్లంటే 0.6 ఆంపియర్లు. వంద మీటర్ల కేబుల్‌కు రానూపోనూ కలిపి అనుమతించిన నిరోధం 12.5 ఓంలు. 0.6 వర్గం 0.36, దాన్ని 12.5తో గుణిస్తే 4.5 వాట్లు. అంత మేర కేబుల్‌లో వేడిగా పోతుంది, 25.5 మిగులుతుంది. ఏఎఫ్‌కు 44 వోల్టులు, 20 ఓంలు పెట్టి చూసినా లెక్క అంతే కచ్చితంగా తేలుతుంది. ఓమ్ సూత్రం వచ్చిన విద్యార్థికి ఇందులో కొత్తది ఏమీ లేదు.

ప్రమాణబద్ధమైన పోర్టు ముందు అవతలి పరికరాన్ని పరీక్షిస్తుంది. అక్కడ సుమారు 25 కిలో ఓంల గుర్తింపు నిరోధం కనిపిస్తేనే కరెంటు వదులుతుంది కాబట్టి అదే పోర్టుకు ల్యాప్‌టాప్ తగిలించినా ప్రమాదం లేదు. స్విచ్‌కూ పరికరానికీ మధ్య పెట్టి కేబుల్‌లోకి కరెంటు కలిపే చిన్న పెట్టె ఇంజెక్టర్. చవకగా దొరికే పాసివ్ ఇంజెక్టర్ ఈ పరీక్ష చేయదు, 24 వోల్టులో 48 వోల్టులో నేరుగా పంపేస్తుంది. పరికరం తయారీదారు అదే వోల్టేజీ అడిగితే తప్ప దాన్ని వాడకూడదు.

చవకైన మార్గం ఏదన్నది యాక్సెస్ పాయింట్ల సంఖ్యను బట్టి ఉంటుంది. చిన్న క్లినిక్‌లో ఒకటో రెండో అయితే, ఉన్న స్విచ్‌ను మార్చకుండా ఒక్కోదానికి ఒక గిగాబిట్ ఏటీ ఇంజెక్టర్ చాలు. నాలుగు దాటితే పీఓఈ స్విచ్ నయం. ఒకే యూపీఎస్ మీద అన్నీ నడుస్తాయి, కరెంటు పోయినా వై-ఫై ఆగదు. అయితే స్విచ్ కొనేటప్పుడు పోర్టుల లెక్క కన్నా మొత్తం వాట్ల లెక్క ముఖ్యం. ఎనిమిది పోర్టులున్నా మొత్తం 65 వాట్లే ఇచ్చే స్విచ్ మీద 13 వాట్ల యాక్సెస్ పాయింట్లు ఐదు పెడితే మిగులు సున్నా. నాలుగుతో ఆపడం మంచిది. మూడు రేడియోలున్న వై-ఫై 7 మోడళ్లు చాలావరకు ఏటీ అడుగుతాయి. వాటికి ఏఎఫ్ మాత్రమే ఇస్తే కొన్ని వెలగవు, కొన్ని రేడియో శక్తి తగ్గించుకుని నడుస్తాయి. ఆ రెండో రకంతోనే తిప్పలు ఎక్కువ, ఎందుకంటే లైటు వెలుగుతూనే ఉంటుంది, నెట్ మాత్రం నెమ్మదిగా వస్తుంది.

వేగం విషయంలో పెద్ద ఉచ్చు సీసీటీవీ కోసం అమ్మే పీఓఈ స్విచ్‌లు. వాటిలో చాలా వాటికి కెమెరా పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే. కెమెరాకు అది సరిపోతుంది, వై-ఫై 6 యాక్సెస్ పాయింట్‌కు సరిపోదు. మరోవైపు, 2016లో వచ్చిన 802.3బీజెడ్ ప్రమాణం వల్ల మామూలు క్యాట్ 5ఈ కేబుల్ మీదే 2.5 గిగాబిట్లు నడుస్తాయి, కానీ ఆ స్విచ్‌ల ధర ఎక్కువ. ఇంటర్నెట్ కనెక్షనే 300 ఎంబీపీఎస్ ఉన్న హాస్టల్‌కు 2.5 గిగాబిట్ల స్విచ్ అమ్మడం కస్టమర్ డబ్బు వృథా చేయించడమే. అక్కడ గిగాబిట్ ఏటీ స్విచ్ సరైన సలహా. లోపలి సర్వర్ నుంచి భారీ ఫైళ్లు లాగే ఒకటి రెండు గదులుంటే వాటి మట్టుకు 2.5 గిగాబిట్ల స్విచ్ పోర్టు, అదే వేగపు ఇంజెక్టర్ పెట్టవచ్చు.

డబ్బు మిగుల్చుకోకూడని చోటు కేబుల్. రాగి పూత వేసిన అల్యూమినియం తీగలతో చేసిన సీసీఏ కేబుల్ మార్కెట్లో బాగా చవక. అల్యూమినియం వాహకత రాగిలో 61 శాతమే కాబట్టి నష్టం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పై లెక్కలోని 4.5 వాట్లు 7 దాటుతాయి. తీగను బ్లేడుతో గీకినప్పుడు లోపల తెల్లగా కనిపిస్తే అది సీసీఏ.

విశాఖ ఓడరేవులో, ఉక్కు కర్మాగారంలో దూరాలు వంద మీటర్లకు లొంగవు. యాక్సెస్ పాయింట్ బిగించే స్తంభం దాకా ఫైబర్ లాగి, అక్కడి పెట్టెలో చిన్న ఇండస్ట్రియల్ పీఓఈ స్విచ్ పెట్టడం మార్గం. భారీ మోటార్ల విద్యుదయస్కాంత అలజడి ఫైబర్‌ను తాకదు. సముద్రపు ఉప్పుగాలికి ఆర్‌జే 45 పిన్నులు తుప్పు పట్టకుండా కేబుల్ గ్లాండు బిగించాలి, ఎండను తట్టుకునే తొడుగున్న కేబుల్ వాడాలి, పిడుగుల కోసం సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి ఎర్తింగ్ ఇవ్వాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను చూసిన ఊరిలో బయటి స్తంభాల మీది బిగింపులను తేలిగ్గా తీసుకోలేం.

కంచరపాలెంలోని ప్రభుత్వ ఐటీఐ, పాలిటెక్నిక్ చదువులు ఈ పనికి పునాది అవుతాయి. దానిపైన నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ అయిన సీసీఎన్ఏ చదివితే మేలు, ఆ సిలబస్‌లో పీఓఈ కూడా ఉంది. కేబులింగ్ టెక్నీషియన్‌గా మొదలై సైట్ సర్వే, ఫీల్డ్ ఇంజనీర్, సామాన్ల పరిమాణాల పట్టిక (బీఓక్యూ) తయారుచేసే ప్రీ-సేల్స్, నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్ ఉద్యోగాల వరకు వెళ్లవచ్చు. ఇప్పటికే సీసీటీవీ బిగిస్తున్న యువకులకు క్రింపింగ్, కేబుల్ టెస్టింగ్ చేతిలో ఉన్న పనే; వీలాన్ (ఒకే స్విచ్‌ను వేర్వేరు నెట్‌వర్కులుగా విడదీయడం), వై-ఫై ఛానెళ్లు, వాట్ల లెక్క నేర్చుకుంటే చాలు. సాధనకు పాత కంపెనీ స్విచ్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కోవచ్చు. ఫ్యాను చప్పుడు ఎక్కువైనా పోర్టువారీగా ఎన్ని వాట్లు పోతున్నాయో అది చూపిస్తుంది. తాము ఉండే హాస్టల్‌లో ఒక అంతస్తుకు యాక్సెస్ పాయింట్ వాట్లు, కేబుల్ మీటర్లు, పోర్టు వేగం, స్విచ్ మొత్తం వాట్లు, యూపీఎస్ నిమిషాలతో ఒక బీఓక్యూ రాసుకుని, దాన్నే ఇంటర్వ్యూలో బల్ల మీద పెట్టవచ్చు.