క్షమించే హక్కు ఎవరిది?

ఇస్లాం క్షమాగుణానికి ఎంతో ఉన్నత స్థానం ఇచ్చింది. న్యాయానికీ అంతే స్థానం ఇచ్చింది. మరి ఒక నాయకుడు తప్పు చేస్తే ఈ రెండింటిలో దేన్ని పాటించాలి? “ఖబ్రస్తాన్‌కు ప్రహరీ కట్టించాడు, పండక్కి వచ్చి పలకరిస్తాడు, పోనీలే” అనే మాట మన మధ్య తరచుగా వినిపిస్తుంది. ఆ మాట ధర్మబద్ధమేనా అన్నది ఈ పాఠంలో చూద్దాం.

వేములవాడ కేసు

మన ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోనే ఒక ఉదాహరణ ఉంది. చెన్నమనేని రమేష్ వేములవాడ నుంచి 2009, 2010 ఉపఎన్నిక, 2014, 2018లలో నాలుగుసార్లు శాసనసభకు గెలిచారు. ఆయన అంతకుముందు జర్మనీ పౌరసత్వం తీసుకున్నారు. తిరిగి భారత పౌరసత్వం కోరేవారు దరఖాస్తుకు ముందు 12 నెలలు దేశంలో ఉండాలి. ఆ నిబంధన ఆయన పాటించలేదని ప్రత్యర్థి ఆది శ్రీనివాస్ ఫిర్యాదు చేశారు. 2013లో హైకోర్టు ఎన్నిక చెల్లదంది, సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. కేంద్ర హోంశాఖ 2017లో, మళ్లీ 2019లో పౌరసత్వాన్ని రద్దు చేసింది. చివరకు 2024 డిసెంబర్ 9న తెలంగాణ హైకోర్టు ఆయన పిటిషన్‌ను కొట్టివేసి, 30 లక్షల రూపాయలు ఖర్చుల కింద చెల్లించమంది. అప్పటికి ఆయన పదవీకాలం ముగిసి ఏడాది దాటింది.

ఆ 30 లక్షల పంపకం గమనించండి. 25 లక్షలు ఆది శ్రీనివాస్‌కు, 5 లక్షలు హైకోర్టు న్యాయసేవల కమిటీకి. అంటే నష్టపోయింది ఒక్క మనిషే కాదు. తనకు రావలసింది వదులుకునే హక్కు ప్రత్యర్థికి ఉంది. కానీ ఓటర్లకు, న్యాయస్థానానికి జరిగిన దాన్ని ఆయన ఒక్కడే మాఫీ చేయలేడు. “ఇదంతా రాజకీయ కక్ష” అనేవారూ ఉంటారు. ఫిర్యాదుదారు మనసులో ఏమున్నా, ఫిర్యాదు నిజమా కాదా అన్నదే న్యాయం చూసేది.

ప్రవక్త (స) ఆదర్శం

హిజ్రీ 8వ సంవత్సరం మక్కా విజయం నాడు దైవప్రవక్త (స) తనను ఏళ్ల తరబడి హింసించినవారిని క్షమించారు. ఆ విజయ కాలంలోనే మఖ్జూమ్ తెగకు చెందిన ఒక గొప్పింటి స్త్రీ దొంగతనం చేసింది. ఖురైష్ పెద్దలు ప్రవక్త (స)కు ప్రియమైన ఉసామా (ర)తో సిఫారసు చేయించారు. ప్రవక్త (స) ముఖం రంగు మారింది. గొప్పవాళ్లను వదిలి బలహీనులను శిక్షించడం వల్లే పూర్వ జాతులు నాశనమయ్యాయని, తన కూతురు ఫాతిమా అయినా శిక్ష తప్పదని హెచ్చరించారు. తనకు జరిగిన అన్యాయాన్ని మన్నించిన మహనీయుడు, సమాజానికి చెందిన హక్కును మాత్రం పలుకుబడికి వదల్లేదు.

ఈ ఉదంతం అక్కడితో ముగియలేదు. శిక్ష తర్వాత ఆమె మనస్ఫూర్తిగా తౌబా చేసుకుంది, వివాహం చేసుకుంది. ఆమె వచ్చినప్పుడు హజ్రత్ ఆయిషా (ర) ఆమె అవసరాలను ప్రవక్త (స)కు విన్నవించేవారు. లెక్క తేలిన తర్వాత మనిషిని దూరం పెట్టలేదు, ఎత్తిపొడవలేదు. క్షమకు అసలు చోటు అదే.

మనం గ్రహించవలసినవి

1. మనకు జరిగిన కీడును మనం క్షమించవచ్చు, అది పుణ్యం. పక్కవాడికి జరిగినదాన్ని మనం క్షమిస్తే అది ఔదార్యం కాదు.

2. తౌబా అల్లాహ్ హక్కు విషయంలో సరిపోతుంది. దాసుల హక్కు (హుఖూఖుల్ ఇబాద్) విషయంలో తీసుకున్నది తిరిగి ఇవ్వాలి, లేదా ఆ హక్కుదారు మన్నించాలి.

3. నాయకుడు మనకు చేసిన మేలుకు కృతజ్ఞత చెబుదాం. ఆ మేలు అతని తప్పుకు రసీదు కాదు. అలాగే మనకు గిట్టనివాడైనంత మాత్రాన తీర్పు రాకముందే దోషి అనకూడదు.

4. ఈ కొలత మన సంస్థలకూ వర్తిస్తుంది. జకాత్ సొమ్ము ఖుర్ఆన్ (9:60) పేర్కొన్న ఎనిమిది వర్గాలది. అందులో తేడా వస్తే, “మనవాడే కదా” అని మాఫీ చేసే అధికారం అధ్యక్షుడికీ లేదు, కార్యవర్గానికీ లేదు. అది వితంతువు ఇంటి బియ్యం, పేద విద్యార్థి ఫీజు. కాబట్టి దాతలారా, ఇచ్చిన ప్రతి రూపాయికీ లెక్క అడగండి. అడిగితే నొచ్చుకోకుండా చూపించడం మా బాధ్యత.

న్యాయం పక్షాన నిలబడమని, అది మనకు, తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరేనని ఖుర్ఆన్ (4:135) ఆదేశించింది. అల్లాహ్ మనకు క్షమించే హృదయాన్నీ, లెక్క అడిగే ధైర్యాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.