థీమ్ పార్కులు తెరవాలా? మూయాలా? - చర్చకు ఒక పాఠం



మన హాస్టళ్ళలో ఆగస్టు 15కు, అంబేద్కర్ జయంతికి, వార్షికోత్సవానికి వక్తృత్వ పోటీలు, చర్చా పోటీలు పెడుతుంటారు. "పల్లె మేలా, పట్నం మేలా?", "సెల్‌ఫోన్ వరమా, శాపమా?" వంటి అంశాలు ఇస్తారు. ఒకరు అనుకూలంగా, ఒకరు ప్రతికూలంగా మాట్లాడతారు. గొంతు పెద్దదైన వారికి చప్పట్లు ఎక్కువ పడతాయి. కానీ చర్చ అంటే గొంతుల పోటీ కాదు. ఎదుటివారి మాటలో బలమెంత, మన మాటలో లోపమెంత అని తూచి చూసుకోవడమే చర్చ.

ఆ తూకం నేర్చుకోవడానికి నిజంగా జరిగిన ఒక చర్చను పాఠంగా తీసుకుందాం. కొవిడ్ మహమ్మారి రోజుల్లో, అంటే 2020, 2021 సంవత్సరాల్లో, థీమ్ పార్కులు తెరిచి ఉంచాలా, మూసి ఉంచాలా అని అమెరికాలో పెద్ద వాదన నడిచింది. "ఎక్కడో అమెరికాలో పార్కు సంగతి మనకెందుకు?" అనుకోకండి. ఆ ప్రశ్న చివరికి మన హాస్టల్ గేటు దాకా వస్తుంది.

1. అసలు సంగతి

థీమ్ పార్కు అంటే ఏదో ఒక కథనో, ఊహాలోకాన్నో ఆధారం చేసుకొని కట్టిన పెద్ద వినోద స్థలం. మన జాతరలో రంగులరాట్నం, జెయింట్ వీల్ మూడు రోజులుంటాయి. అక్కడ అటువంటివి వందల ఎకరాల్లో ఏడాది పొడవునా ఉంటాయి. వీటిలో పేరు పొందినది డిస్నీల్యాండ్. దీనిని 1955 జూలై 17న కాలిఫోర్నియా రాష్ట్రంలోని అనహైమ్ నగరంలో ప్రారంభించారు. అదే సంస్థ 1971 అక్టోబరు 1న ఫ్లోరిడా రాష్ట్రంలో వాల్ట్ డిస్నీ వరల్డ్‌ను ప్రారంభించింది.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్‌ను మహమ్మారిగా పేర్కొంది. ఆ వారంలోనే రెండు పార్కులూ మూతపడ్డాయి. ఫ్లోరిడాలోని పార్కు 2020 జూలై 11న తిరిగి తెరుచుకోవడం మొదలుపెట్టింది. కాలిఫోర్నియాలోని పార్కు మాత్రం 2021 ఏప్రిల్ 30 వరకు తెరుచుకోలేదు. ఒకటి నాలుగు నెలలు, మరొకటి పదమూడున్నర నెలలు మూతపడింది. సంస్థ ఒకటే, దేశం ఒకటే, జబ్బు ఒకటే. నిర్ణయాలు మాత్రం రెండు. అమెరికాలో ఇటువంటి ఆంక్షల అధికారం ఎక్కువగా రాష్ట్రాల చేతిలో ఉండటమే ఇందుకు కారణం. కాబట్టి చర్చకు రెండు పక్షాలూ మన కళ్ళ ముందే ఉన్నాయి.

2. తెరవాలన్న వారి వాదన

మొదటిది బతుకుతెరువు. 2020 సెప్టెంబరు 29న డిస్నీ సంస్థ అమెరికాలోని తన పార్కులు, వాటి అనుబంధ వ్యాపారాల్లో 28 వేల మందిని తొలగిస్తున్నట్టు ప్రకటించింది. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది పార్ట్‌టైం ఉద్యోగులు. టికెట్లు చించేవారు, గదులు ఊడ్చేవారు, వంటవారు. పార్కు గేటు బయట బతికే హోటళ్ళు, దుకాణాలు, ట్యాక్సీల లెక్క వేరు. అనహైమ్ నగరానికి ముఖ్యమైన ఆదాయం హోటల్ గదుల మీద వచ్చే పన్ను. పర్యాటకులు రాకపోతే నగరపాలక సంస్థ ఖజానా కూడా ఖాళీ.

రెండవది, పార్కులో చాలా భాగం ఆరుబయటే ఉంటుంది. మూసిన గదిలో కంటే గాలి ఆడే చోట ఈ వైరస్ సోకే అవకాశం తక్కువ.

మూడవది జాగ్రత్తలు. ఫ్లోరిడాలో ముందుగా పేరు నమోదు చేసుకున్న వారినే లోపలికి పంపారు. గేటు దగ్గర జ్వరం చూశారు. రెండేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ మాస్కు తప్పనిసరి చేశారు. ఊరేగింపులు, బాణాసంచా ఆపేశారు. జనాన్ని మామూలు సామర్థ్యంలో కొంత భాగానికే పరిమితం చేశారు. "2020 చివరి వరకు మా పార్కు వల్ల జబ్బు పెద్దగా ప్రబలినట్టు ఎవరూ చూపలేదు కదా" అన్నది వారి ప్రధాన వాదన.

3. మూసి ఉంచాలన్న వారి వాదన

మొదటిది, పార్కుకు వచ్చేది ఆ ఊరివారు మాత్రమే కాదు. విమానాల్లో, కార్లలో దూర ప్రాంతాల నుంచి వస్తారు. హోటళ్ళలో ఉంటారు, ఒకేచోట తింటారు, తిరిగి తలో దిక్కు వెళతారు. జబ్బు సోకినా లక్షణాలు బయటపడేది కొన్ని రోజుల తరువాత, సొంత ఊళ్ళోనే.

ఇందుకు వారు ఒక పాత అనుభవం చూపేవారు. 2014 డిసెంబరులో అదే డిస్నీల్యాండ్‌తో సంబంధమున్న తట్టు వ్యాధి బయలుదేరి, ఇతర రాష్ట్రాలకు కూడా పాకింది. నూరు మందికి పైగా దాని బారిన పడ్డారు. టీకా వేయించుకోని వారు, టీకా వయసు రాని పసిపిల్లలు అందులో ఉన్నారు. ఆ తరువాత 2015లో కాలిఫోర్నియా ప్రభుత్వం బడిలో చేరే పిల్లలకు సొంత నమ్మకాల పేరుతో టీకా మినహాయింపు ఇవ్వడాన్ని చట్టం ద్వారా రద్దు చేసింది.

రెండవది, ఆరుబయటైనా రైడ్ ఎక్కితే కేకలు ఆగవు. కేకలతో తుంపరలు ఎక్కువ దూరం వెళతాయి. అందుకే 2020లో జపాన్ పార్కులు "రైడ్‌లో కేకలు వేయవద్దు" అని సందర్శకులను కోరాయి. అక్కడి ఫ్యూజీ-క్యూ హైలాండ్ అనే పార్కు పెద్దలు స్వయంగా రోలర్ కోస్టర్ ఎక్కి, నోరు మెదపకుండా కూర్చొని వీడియో తీసి చూపారు.

మూడవది, కార్మికులు అందరూ తెరవమని అడగలేదు. 2020 జూన్‌లో డిస్నీల్యాండ్‌లో సుమారు 17 వేల మందికి ప్రాతినిధ్యం వహించే కార్మిక సంఘాల కూటమి, తమ భద్రతపై నమ్మకం కలగలేదని గవర్నరుకు లేఖ రాసింది. జీతం కావాలన్నా, ప్రాణం కావాలన్నా ఆ మాట అన్నది కార్మికులే.

నాలుగవది, తెరిచి మళ్ళీ మూయడం. హాంకాంగ్ డిస్నీల్యాండ్ 2020 జనవరిలో మూతపడి, జూన్‌లో తెరిచి, జూలైలో మూసి, సెప్టెంబరులో తెరిచి, డిసెంబరులో మళ్ళీ మూసింది. ఇలా తలుపు ఊగుతుంటే పనివాడికి స్థిరం ఎక్కడిది?

4. వాదనలను జల్లెడ పట్టడం

ఇప్పుడు రెండు పక్షాల మాటలనూ జల్లెడ పడదాం.

"జబ్బు ప్రబలినట్టు ఎవరూ చూపలేదు" అన్న మాట బలమైనదే. కానీ "కనిపించలేదు" అంటే "లేదు" అని అర్థం కాదు. దూరం నుంచి వచ్చి వెళ్ళిపోయిన వాడికి జబ్బు ఎక్కడ అంటిందో వెతకడం కష్టం. కాబట్టి ఈ వాదనకు సగం మార్కులు.

తట్టు ఉదాహరణ కూడా పూర్తిగా అతకదు. తట్టు కొవిడ్ తొలి రూపాల కంటే ఎంతో వేగంగా అంటుకుంటుంది. పైగా 2014లో పార్కులో ఎటువంటి పరిమితులూ లేవు. "దూరపు మనుషులు కలిస్తే జబ్బు దూరం పోతుంది" అన్నంత వరకే ఆ ఉదాహరణ పనికొస్తుంది.

ఇక "ప్రాణం ముఖ్యమా, డబ్బు ముఖ్యమా?" అన్న ప్రశ్న. సభలో దీనికి చప్పట్లు బాగా పడతాయి. అయినా ఇది సరైన ప్రశ్న కాదు. సంస్థ లాభం డబ్బే. కానీ గదులు ఊడ్చే మనిషి జీతం అంటే ఇంటి అద్దె, పిల్లల అన్నం, మందులు. అది కూడా ప్రాణమే. అలాగని జీతం పేరు చెప్పి జబ్బును తక్కువ చేసి చూపడమూ తప్పే.

5. కొలబద్ద ఉండాలి

"ఎప్పుడు తెరవాలి?" అన్నదానికి "పరిస్థితి బాగుపడ్డాక" అంటే జవాబు కాదు. బాగుపడటం అంటే ఎంత? కాలిఫోర్నియా ప్రభుత్వం 2020 ఆగస్టు 28న జిల్లాలకు నాలుగు మెట్లు ప్రకటించింది. ఊదా, ఎరుపు, నారింజ, పసుపు. ఊదా రంగు అంటే జబ్బు ఎక్కువ, పసుపు అంటే బాగా తక్కువ. 2020 అక్టోబరు 20న పెద్ద థీమ్ పార్కులకు నిబంధన వచ్చింది. పసుపు మెట్టు చేరిన జిల్లాలోనే, అదీ 25 శాతం జనంతోనే తెరవాలి.

పసుపు మెట్టు అంటే లక్ష జనాభాకు రోజుకు ఒకటి కంటే తక్కువ కొత్త కేసులు. పరీక్షల్లో నూటికి 2 కంటే తక్కువ పాజిటివ్. లెక్క వేయండి. డిస్నీల్యాండ్ ఉన్న ఆరెంజ్ కౌంటీ జనాభా సుమారు 32 లక్షలు. అంటే జిల్లా అంతటా రోజుకు 32 లోపు కేసులు రావాలి. "ఇది అందని ద్రాక్ష" అని పార్కుల వారు మొత్తుకున్నారు. ఆ శీతాకాలంలో కేసులు విపరీతంగా పెరిగాయి. 2021 జనవరిలో డిస్నీల్యాండ్ పార్కింగ్ స్థలం టీకాల కేంద్రంగా మారింది. టీకాలు అంది, కేసులు తగ్గిన తరువాత 2021 మార్చి 5న ప్రభుత్వం నిబంధన సడలించింది. ఏప్రిల్ 1 నుంచి ఎరుపు మెట్టులో కూడా 15 శాతం జనంతో, రాష్ట్రవాసులకు మాత్రమే తెరవవచ్చని చెప్పింది.

ఆ కొలబద్ద మరీ కఠినమా, సరైనదా అని మీరు వాదించుకోవచ్చు. కానీ కొలబద్ద కాగితం మీద ఉంది కాబట్టే వాదించడం సాధ్యమైంది. అంకె ఉంటే "ఈ అంకె ఎందుకు?" అని అడగవచ్చు. అంకే లేకపోతే అడగడానికి ఏమీ ఉండదు. పైవారి దయ కోసం ఎదురుచూడటమే మిగులుతుంది.

6. మన గేటు దాకా

ఇప్పుడు మన సంగతికి వద్దాం. 2020 సెప్టెంబరు 30న కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన అన్‌లాక్-5 మార్గదర్శకాల ప్రకారం కంటైన్‌మెంట్ జోన్ల బయట అక్టోబరు 15 నుంచి వినోద పార్కులు తెరవవచ్చు. సినిమా హాళ్ళు సగం సీట్లతో నడపవచ్చు. బడుల నిర్ణయం రాష్ట్రాలకు వదిలారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరు 2న 9, 10 తరగతులు మొదలయ్యాయి. తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న 9వ తరగతి, ఆపై తరగతులు మొదలై, మార్చి 24 నుంచి మళ్ళీ మూతపడ్డాయి. తెలంగాణలో 2021 జూన్ 20న లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తేశారు. సెప్టెంబరు 1న మామూలు బడులు తెరిచారు. కానీ గురుకులాలు, హాస్టళ్ళు తెరవవద్దని హైకోర్టు ఆగస్టు 31న ఆదేశించింది. గురుకులాలకు అనుమతి అక్టోబరులో వచ్చింది.

కోర్టు మాటలో న్యాయం లేదని చెప్పలేం. పార్కులో మనిషి కొన్ని గంటలు ఆరుబయట ఉంటాడు. హాస్టల్‌లో ఒకే హాల్లో పక్కపక్కన పడుకుంటాం, ఒకే కుళాయి దగ్గర కంచాలు కడుగుతాం. 15 ఏళ్ళు దాటిన పిల్లలకు దేశంలో టీకాలు మొదలైంది 2022 జనవరి 3న. కాబట్టి ఆనాడు హాస్టల్‌లో ప్రమాదం పార్కులో కంటే ఎక్కువే.

కానీ తూకంలో రెండో తట్ట కూడా చూడాలి. పార్కు మూస్తే చూడటానికి వెళ్ళేవాడికి పోయేది ఒక సరదా. హాస్టల్ మూస్తే పిల్లవాడికి పోయేది బడి, మూడు పూటల తిండి, చదువుకోవడానికి కరెంటు బల్బు, పక్కన కూర్చొని చదివే స్నేహితుడు. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ లేనివాడికి ఆన్‌లైన్ పాఠం ఒక మాట మాత్రమే. పత్తి ఏరడానికో, మిరపకాయలు కోయడానికో అమ్మానాన్నల వెంట వెళ్ళడం చాలామందికి తప్పలేదు. ఆడపిల్లలకు పెళ్ళి మాటలు కూడా మొదలవుతాయి.

డిస్నీ వారు ప్రమాదం ఉందని తెలిసి ఏం చేశారు? జనాన్ని తగ్గించారు, దూరాలు గీశారు, మనుషులను పెట్టారు, ఖర్చు పెట్టారు. ఆ తరువాత తెరవనివ్వమని అడిగారు. పార్కుకు చేయగలిగినది హాస్టల్‌కు ఎందుకు చేయకూడదు? మంచాల మధ్య దూరం, ఖాళీగా ఉన్న కాలేజీ భవనాల్లో అదనపు గదులు, వారానికొకసారి పరీక్ష, ఒక నర్సు. ప్రమాదం ఎక్కువున్న చోట తాళం వేయడం సులువు. అక్కడే ఎక్కువ ఖర్చు పెట్టడం ధర్మం. పార్కు ఆఖరున తెరిచినా ఫరవాలేదు, దాని పనివారికి బత్తెం ఇస్తే చాలు. హాస్టల్ మాత్రం ఆఖరున తెరవకూడదు. ఇది నా అభిప్రాయం. మీరు కాదనవచ్చు, కారణం చెప్పి కాదనండి.

7. గుర్తుంచుకోవలసినవి

కొవిడ్ ప్రపంచ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. అయినా మహమ్మారులు ఇదే ఆఖరు కాదు. ఇంకోసారి ఏదైనా మూయాలన్న మాట వస్తే ఈ మూడు ప్రశ్నలు అడగండి.

(1) ఏ కొలబద్దతో మూస్తున్నారు? ఏ అంకె వస్తే తెరుస్తారు?
(2) మూసినందువల్ల నష్టం ఎవరి మీద పడుతుంది? వారికి ఏం ఇస్తున్నారు?
(3) మూయకుండా ప్రమాదం తగ్గించే మార్గం ఉందా? దానికి ఎంత ఖర్చు?

అభ్యాసం: మీ గదిలో రెండు జట్లుగా విడిపోండి. "మహమ్మారి సమయంలో జాతరలు ఆపాలి" అన్న అంశం తీసుకోండి. పావుగంట వాదించాక జట్లు మారి, ఇంతవరకు కాదన్న పక్షం తరఫున మాట్లాడండి. ఎదుటివారి మాటను వారికంటే బాగా చెప్పగలిగిన రోజున మీకు చర్చ వచ్చినట్టే.

మిత్రులారా! మన గురించి నిర్ణయాలు జరిగే గదుల్లో మనవాళ్ళు తక్కువ. రేపు మీలో కొందరు ఆ గదుల్లో కూర్చుంటారు. అప్పుడు మూసిన గేటు బయట ట్రంకు పెట్టెతో నిలబడ్డ పిల్లవాడి తరఫున, అంకెలతో, ఓర్పుతో మాట్లాడగలగాలి. ఆ సాధన ఈ హాస్టల్ వరండాలోనే మొదలుపెట్టండి.