ఇంట కుట్టిన గుడ్డ

పొదిలి మెట్టసీమలోని పట్టణము. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడువరకు అది నెల్లూరు జిల్లాలో నుండెడిది. పొగాకు వేలములకు ఆ యూరు ప్రసిద్ధము. ఇట్టి సీమలో పొలము పని యేడాది పొడుగునను దొరకదు. మిరప కోతలు ముగిసి, పత్తి తీతలు ముగిసిన పిమ్మట స్త్రీల చేతులకు పని యుండదు. అప్పుడు అక్కఱకు వచ్చునది ఇంటిలోని కుట్టు మిషను.

అట్టి యొక యిల్లాలిని ఊహింపుడు. బజారులోని దుకాణదారుడు కత్తిరించిన జాకెట్టు ముక్కలను మూటగట్టి ఆమెకిచ్చును. ఆమె వానిని కుట్టి, కాజాలు తీసి, హుక్కులు వేసి మరల అప్పగించును. కూలి రోజు లెక్కన కాదు, జాకెట్టు లెక్కన. మిషను ఆమెది. దారము ఆమెది. విద్యుత్తు ఖర్చు ఆమెది. సూది విఱిగిన నష్టమును ఆమెదే. కుట్టు వంకరపోయినచో దుకాణదారుడు విప్పించి తిరిగి కుట్టించును. ఆ రెండవ కుట్టునకు కూలి లేదు. పండుగల ముందు అర్ధరాత్రివరకు పని; జ్వరము వచ్చిన దినమున పనియు లేదు, కూలియు లేదు.

ఈమె ఆ దుకాణమునకు పనిమనిషియా, లేక స్వతంత్రముగా వ్యాపారము చేసికొనుచున్నదా? ఈ ప్రశ్న మాటల కొఱకైన వాదము కాదు. పనిమనిషి యైనచో చట్టము ఆమెకు కనీస వేతనమును, సెలవును ఇప్పింపగలదు. స్వతంత్రురాలైనచో ఆమె బేరము ఆమెదే.

ఇట్టి ప్రశ్నయే హైదరాబాదు దర్జీల విషయమున పుట్టి సుప్రీంకోర్టువరకు పోయినది. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ మొదలైన దుకాణముల యజమానులు, తమవద్ద కుట్టువారు దుకాణముల చట్టము క్రిందికి వచ్చు ఉద్యోగులు కారని వాదించిరి. వారి వాదమున బలము లేకపోలేదు. ఆ దర్జీలు కుట్టినదానికే కూలి పొందుదురు. వారికి నియమితమైన పనివేళలు లేవు. రాని దినమున సెలవు చీటీ వ్రాయనక్కఱ లేదు. కొందఱు ఇతర దుకాణముల పనియు తెచ్చి చేసికొందురు. కొన్ని దినములలో యజమాని అనుమతితో గుడ్డను ఇంటికి తీసికొనిపోయి కుట్టుదురు. ఇట్టివారు నౌకరు లెట్లగుదురు?

1973లో న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఏ విధముగా కుట్టవలెనో చెప్పువాడు యజమాని. బాగుగా లేనిచో త్రోసిపుచ్చి మరల కుట్టుమనువాడు యజమాని. కుట్టు మిషనులును యజమానివే. కావున వారు ఉద్యోగులే. అప్పుడప్పుడు పనిని ఇంటికి తీసికొనిపోయినంతమాత్రమున ఆ సంబంధము తెగిపోదు. లక్షణము చెప్పుట అలంకార శాస్త్రమున నెంత కష్టమో న్యాయ శాస్త్రమునను అంతే కష్టమని ఈ వ్యాజ్యెము తెలుపుచున్నది.

అయితే పొదిలి యిల్లాలికి ఆ తీర్పు పూర్తిగా చాలదు. హైదరాబాదులో మిషను యజమానిది, ఇచ్చట ఆమెది. వారు దుకాణమునకు పోవుచుండిరి. ఆమె గడప దాటదు. బీడీలు చుట్టువారి విషయమున ప్రభుత్వము ముందే మేల్కొని, ఇండ్లలో పనిచేయువారిని గూడ చేర్చి 1966లో ప్రత్యేక చట్టము చేసినది. ఇండ్లవద్ద బీడీలు చుట్టువారికి భవిష్యనిధి వర్తించునని సుప్రీంకోర్టు 1985లో చెప్పినది. కుట్టుపని వారికి అట్టి ప్రత్యేక చట్టము రాలేదు.

నరసాపురమునందు లేసు అల్లు స్త్రీలనుగూర్చి మరియా మీస్ అను జర్మను విదుషి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. విదేశములకు సరకు పంపు వర్తకులు ఆ స్త్రీలను శ్రామికులుగా కాక, తీరిక వేళ పొద్దుపుచ్చుకొను గృహిణులుగా నెంచిరని ఆమె చూపినది. పేరు మాఱినచో కూలియు మాఱును గదా!

ఇంటి పనిని నిషేధించినచో బాధ తీరునా? అమెరికాలో 1940 తరువాతి యేండ్లలో స్త్రీల ఉడుపులు, చేతితొడుగులు, బొత్తాములు మొదలైన ఏడు పరిశ్రమలలో ఇంటి పనిని నిషేధించిరి. ఇండ్లలో కూలి లెక్క చూచుట సాధ్యము కాదని వారి భయము. వెర్మాంటు రాష్ట్రములో ఉన్ని దుస్తులు అల్లు స్త్రీలు తమ జీవనము పోవుచున్నదని మొఱపెట్టగా, 1984లో అల్లిక పనిపై నిషేధము తొలగినది. మఱి నాలుగేండ్లకు తక్కిన వానిలో చాలవఱకు సడలించిరి. స్త్రీల ఉడుపులపై మాత్రము సడలింపలేదు. చంటిబిడ్డ గల తల్లికి ఇల్లు విడువక చేయు పని యొక వరము. అందువలన నిషేధముకంటె నియమమే మేలని తోచును. 1996లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఈ మార్గమునే యెన్నుకొని, ఇంటి పనివారిని ఇతర శ్రామికులతో సమానముగా చూడవలెనని ఒడంబడిక చేసినది. భారతదేశము దానిని ధ్రువపఱుపలేదు.

మన చట్టముల త్రోవ వంకరగా నడచినది. 1948 నాటి కనీస వేతనముల చట్టము ఇంటికి సరకు తీసికొనిపోయి పనిచేయువానిని గూడ ఉద్యోగియని స్పష్టముగా పేర్కొన్నది. 2008లో వచ్చిన అసంఘటిత కార్మికుల చట్టము, పనిముట్లు యజమాని ఇచ్చినను ఇవ్వకున్నను, ఇంటివద్ద కూలికి వస్తువులు చేయువారు గృహాధారిత కార్మికులే యన్నది. పొదిలి యిల్లాలి మిషను చిక్కు దీనితో విడిపోయినది. 2020 సామాజిక భద్రతా స్మృతి ఆ నిర్వచనమును నిలిపినది. కాని అది సంక్షేమ పథకములకు దారి చూపునే గాని కూలి రేటును నిర్ణయింపదు. కనీస వేతనముల చట్టమునకు బదులు వచ్చిన 2019 వేతన స్మృతిలో ఉద్యోగి నిర్వచనమున ఇంటి పనివాని ప్రస్తావన విడిగా లేదు. ఈ రెండు స్మృతులును 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినవి. పేరు ఒక చట్టమున దొరికినది. కూలి మఱియొక చట్టమున వెదకికొనవలెను.

ఆ యిల్లాలికి దుకాణదారుడు చీటీ యిచ్చు ఆచారము లేదు. ఆమె గోడకు వ్రేలాడు క్యాలెండరుపై ప్రతి దినపు గడిలోను కుట్టిన జాకెట్ల సంఖ్యను పెన్సిలుతో వేసికొనును. రేపు తగవు వచ్చి అధికారి యెదుట నిలువవలసినచో, ఆయన మొదట అడుగునది యొక్కటే: "ఎవరి పని చేసితివమ్మా, ఎన్ని కుట్టితివి?" చూపుటకు ఆమెవద్ద నున్నవి ఆ పెన్సిలు గుర్తులే.