వినోదవనంలో పసిపిల్లలు

పాఠ్యభాగ ఉద్దేశం

పసిపిల్లలను పెద్ద వినోదవనాలకు తీసుకొని వెళ్లడం నేటి కుటుంబ జీవనంలో ఒక భాగమైంది. ఆ ప్రయాణం నిజంగా పిల్లలకు ఆనందాన్ని కలిగించాలంటే పెద్దలు గమనించవలసిన విషయాలను తెలియజేయడం, పసివారి శక్తినీ, భయాన్నీ, ఇష్టాన్నీ గౌరవించే సంస్కారాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

భాగవత దశమ స్కంధంలో ఒక ముచ్చటైన ఘట్టం ఉంది. అల్లరి చేస్తున్న బాలకృష్ణుణ్ణి రోటికి కట్టివేయాలని యశోద తాడు తెస్తుంది. అది రెండంగుళాలు తక్కువవుతుంది. మరొక తాడు తెచ్చి ముడివేస్తుంది. మళ్లీ రెండంగుళాలే తక్కువ. ఇంటిలోని తాళ్లన్నీ కలిపినా ఆ కొరత తీరదు. చివరకు అలసి సొలసిన తల్లిని చూసి జాలిపడి కృష్ణుడే కట్టుబడతాడు. ఈ ఘట్టానికి ఆధ్యాత్మికార్థం ఎంత గంభీరమైనదైనా, బిడ్డలను పెంచిన ప్రతి ఇంటికీ అనుభవంలో ఉన్న సత్యం ఒకటి ఇందులో ఉంది. పెద్దలు తెచ్చిన కొలత పసివానికి ఎప్పుడూ రెండంగుళాలు తక్కువే. పిల్లలను వెంటబెట్టుకొని పెద్ద వినోదవనానికి వెళ్లిన తల్లిదండ్రులకు ఈ సత్యం ఒక్క పూటలోనే బోధపడుతుంది.

పిల్లలను వినోదానికి తీసుకొనిపోవడం తెలుగువారికి కొత్త కాదు. తిరునాళ్లలో తండ్రి భుజాలపై కూర్చొని రంగులరాట్నం చూసిన బాల్యం మన పల్లెల్లో ఎందరిదో. అయితే తిరునాళ్ల వినోదం ఊరి పొలిమేరలోనే ఉంటుంది. బిడ్డ ఏడిస్తే ఇల్లు దగ్గర. నేటి వినోదవనం అటువంటిది కాదు. ఒక కథనో, ఒక ఊహాలోకాన్నో ఇతివృత్తంగా గ్రహించి, వందల ఎకరాలలో వీధులు, కోటలు, కాలువలు, వాహనాలు నిర్మించి, టిక్కెట్టు పెట్టి ప్రవేశం కల్పించే ప్రత్యేక ప్రపంచం అది. దీనినే 'థీమ్ పార్కు' అని వ్యవహరిస్తున్నారు. ఈ భావనకు ప్రపంచవ్యాప్తంగా ప్రసిద్ధి తెచ్చినది అమెరికాలోని డిస్నీలాండ్.

డిస్నీలాండ్ పుట్టుకకు ఒక తండ్రి అనుభవమే మూలం. వాల్ట్ డిస్నీ తన కుమార్తెలు డయాన్, షారన్‌లు చిన్నవారుగా ఉన్నప్పుడు సెలవురోజున వారిని లాస్ ఏంజలెస్‌లోని గ్రిఫిత్ పార్కుకు తీసుకొని వెళ్లేవాడు. పిల్లలు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే, తండ్రి బల్లపై కూర్చొని వేరుసెనగ కాయలు తింటూ కాలం గడిపేవాడు. తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి ఆనందించదగిన చోటు ఒకటి ఎందుకు ఉండకూడదన్న ఆలోచన అక్కడ కలిగిందని ఆయనే తరువాతి కాలంలో చెప్పుకొన్నాడు. కాలిఫోర్నియా రాష్ట్రంలోని అనహైమ్‌లో 160 ఎకరాల తోటలను కొని, 1954 జూలైలో నిర్మాణం ప్రారంభించి, ఏడాదిలోనే పూర్తిచేశాడు.

1955 జూలై 17, ఆదివారంనాడు డిస్నీలాండ్ తలుపులు తెరుచుకొన్నాయి. ఆనాటి ఎండ తీవ్రమైనది. నకిలీ టిక్కెట్లతో వచ్చినవారు కూడా చేరడంతో అనుకొన్నదానికంటె వేలమంది అధికమయ్యారు. కొత్తగా పోసిన తారు మెత్తబడి స్త్రీల పాదరక్షల మడమలు అందులో దిగబడ్డాయి. అప్పటికి నీటి గొట్టాల పనివారి సమ్మె వలన పనులు వెనుకబడి ఉన్నాయి. మంచినీటి కుళాయిలు, మరుగుదొడ్లు రెండూ సిద్ధం కావడం అసాధ్యమైనప్పుడు డిస్నీ మరుగుదొడ్లనే ఎంచుకొన్నాడు. పసిపిల్లలున్న తల్లిదండ్రులెవరూ ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేరు. ఊహాలోకం ఎంత అందమైనదైనా అందులోనికి వచ్చే బిడ్డకు దాహం వేస్తుంది, ఆకలి వేస్తుంది, నిద్ర వస్తుంది. ఈ చిన్న అవసరాలు తీరిన తరువాతనే కోటలూ రాకుమార్తెలూ.

ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓర్లాండో సమీపంలో 1971 అక్టోబరు 1న ప్రారంభమైన వాల్ట్ డిస్నీ వరల్డ్ మరింత విశాలమైనది. దాని భూభాగం సుమారు 40 చదరపు మైళ్లు. అందులోని మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్ అనే నాలుగు వనాలలో ఏ ఒక్కటీ పసిపిల్లలతో ఒక్కరోజులో పూర్తిగా చూడదగినది కాదు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సెలవులలో ఇక్కడికి వెళ్లడం పరిపాటి. మనుమలను చూడడానికి ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలనుండి వెళ్లిన తాతయ్యలూ నానమ్మలూ అమ్మమ్మలూ కూడా వారి వెంట ఉంటారు.

అటువంటి ఒక కుటుంబాన్ని ఊహించుకొందాం. ఎదుట 189 అడుగుల ఎత్తున సిండ్రెల్లా కోట. తండ్రి చేతిలో ఆనాడు చూడవలసిన వాటి పట్టిక. మూడేళ్ల బాలుడు మాత్రం కోటవైపు చూడడం లేదు. నీటి ఒడ్డున తిరుగుతున్న బాతుల దగ్గర చతికిలబడ్డాడు. అవి ఎటు నడిస్తే అటు తల తిప్పుతున్నాడు. తండ్రికి విసుగు కలిగింది.

"ఇంత డబ్బు పోసి ఇంతదూరం వచ్చింది బాతుల్ని చూడడానికా? లే, పద!" అన్నాడు.

"ఉండరా నాయనా, వాణ్ని కాసేపు చూడనివ్వు. వాడికి ఇదే కొత్త. బాతులూ కోటలోవే అనుకో," అంది నానమ్మ.

ఈ చిన్న సంభాషణలోనే అసలు సమస్య అంతా ఉంది. టిక్కెట్టు కొన్నవారు పెద్దలు. అందుచేత వారి కొలమానం ఖర్చు. ఎన్ని వాహనాలు ఎక్కించామన్నది వారి లెక్క. పసివానికి ఆ లెక్క తెలియదు. వానికి కోటా కొత్తదే, బాతూ కొత్తదే. నిజానికి బాతే వాని కంటికి అందే ఎత్తులో ఉంది. తండ్రి పట్టికకూ బిడ్డ చూపుకూ మధ్య ఉన్న ఆ దూరమే యశోద తాటికి తక్కువైన రెండంగుళాలు.

పసివారి దినచర్యను గౌరవించడం పెద్దలు పాటించవలసిన మొదటి నియమం. పగటి నిద్రతో కలిపి ఒకటి, రెండేళ్ల పిల్లలకు రోజుకు 11 నుండి 14 గంటలు, మూడునుండి ఐదేళ్ల పిల్లలకు 10 నుండి 13 గంటలు నిద్ర అవసరమని వైద్యులు చెబుతారు. వనం చూడాలన్న మహోత్సాహంతో ఆ నిద్రను దొంగిలిస్తే సాయంత్రానికి బిడ్డ ఏడుపు రూపంలో వడ్డీతో సహా చెల్లించవలసి వస్తుంది. తెల్లవారగానే వెళ్లి, జనం తక్కువగా ఉన్న వేళలో రెండు మూడు వినోదాలు చూసి, మధ్యాహ్నం బసకు చేరి బిడ్డను నిద్రపుచ్చి, చల్లబడిన తరువాత తిరిగి రావడం ఉత్తమం. వేసవిలో ఫ్లోరిడాలో మధ్యాహ్నం ఉరుములతో కూడిన వానలు తరచుగా కురుస్తాయి. పిడుగుల భయమున్నప్పుడు ఆరుబయట వాహనాలను నిలిపివేస్తారు. కాబట్టి ఆ వేళ విశ్రాంతికి అన్ని విధాలా అనుకూలమైనది.

ఆ వనాలలో పసివారి కోసం ఏర్పాట్లు లేకపోలేదు. మూడేళ్ల లోపు పిల్లలకు టిక్కెట్టు అక్కరలేదు. శిశు సంరక్షణ కేంద్రాలలో తల్లులు పాలివ్వడానికి ప్రత్యేకమైన గదులు, పసివారి గుడ్డలు మార్చడానికి బల్లలు ఉంటాయి. 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు మించని స్ట్రోలర్లను లోపలికి అనుమతిస్తారు. ఇంటివద్ద నడవగలిగిన నాలుగేళ్ల బిడ్డకైనా అక్కడ ఈ బండి అవసరమవుతుంది. పెద్దల ఒక అడుగు పసివారికి రెండు మూడడుగులు కదా!

రెండవది భయాన్ని గౌరవించడం. పెద్ద తలతో, కదలని కన్నులతో ఆరడుగుల ఎలుక ఎదురుగా వచ్చి చేయి చాస్తే రెండేళ్ల బిడ్డ తల్లి మెడను కరచుకొంటుంది. లోపల మనిషి ఉన్నాడని వివరించినా ఆ వయస్సుకు బోధపడదు. అటువంటప్పుడు ఫొటో కోసం బిడ్డను బలవంతంగా ముందుకు నెట్టడం క్రూరత్వమే. దూరంనుండి చేయి ఊపనిచ్చి, దగ్గరకు వెళ్లాలో లేదో బిడ్డకే వదలివేయాలి. ఎత్తు పరిమితి లేని డంబో ఏనుగు వాహనం, మెల్లగా సాగే పడవలో కూర్చొని వివిధ దేశాల బొమ్మలను చూసే 'ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్' వంటివి తొలి అనుభవానికి తగినవి. 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం రూపొందిన ఈ పడవ విహారం 1966లో డిస్నీలాండ్‌కు చేరింది.

మూడవది భద్రత. చీకటిలో దూసుకుపోయే స్పేస్ మౌంటెన్ వాహనం ఎక్కడానికి మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కనీసం 44 అంగుళాల, అనగా 112 సెంటీమీటర్ల, ఎత్తు ఉండాలి. నాలుగేళ్ల పిల్లలు చాలామంది ఈ గీతను అందుకోలేరు. కొందరు పెద్దలు బిడ్డ బూట్లలో కాగితాలు కుక్కి ఎత్తు పెంచాలని చూస్తారు. ఆ గీత బిడ్డను అవమానించడానికి గీసినది కాదు. ఒళ్లోకి దిగే భద్రతా కమ్మీ ఏ పరిమాణపు శరీరాన్ని పట్టి ఉంచగలదో తెలిసి గీసినది. ఇక్కడ రెండంగుళాల కొరతను కాగితాలతో పూరించడమంటే బిడ్డ ప్రాణంతో పందెం కాయడమే. చిన్నబిడ్డ ఎక్కలేని వాహనం వద్ద తల్లి బిడ్డతో ఉండగా తండ్రి ఎక్కి వచ్చి, తరువాత తల్లి సాధారణ వరుసలో మళ్లీ మొదటినుండి నిలబడనక్కరలేకుండా ఎక్కే సౌకర్యం కూడా ఉంది.

జనసమ్మర్దంలో పిల్లలు తప్పిపోవడం క్షణంలో జరుగుతుంది. బయలుదేరే ముందు ఆనాటి దుస్తులతో బిడ్డ ఫొటో తీసి ఉంచుకోవాలి. ఫోను నంబరు రాసిన పట్టీని చేతికి కట్టాలి. మాటలు వచ్చిన బిడ్డకు, తప్పిపోతే పేరు బిళ్ల ధరించిన ఉద్యోగి వద్దకు వెళ్లాలని నేర్పాలి. ఎండలో పసివారి శరీరం పెద్దలకంటె త్వరగా వేడెక్కుతుంది. దాహమని అడగకముందే నీరు తాగించాలి.

ఈ నియమాలు విదేశాలకే పరిమితమైనవి కావు. హైదరాబాదు శివార్లలో 1996లో ఏర్పడిన రామోజీ ఫిల్మ్ సిటీకైనా, 2016లో ప్రారంభమైన వండర్‌లాకైనా పిల్లలతో వెళ్లే కుటుంబాలకు ఇవే వర్తిస్తాయి. ఎండ ఇక్కడా ఎండే. నిద్ర ఇక్కడా నిద్రే. తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ, అక్క పిల్లలనూ చేయి పట్టుకొని నడిపించే బాధ్యత ఇంటర్మీడియట్ చదివే అన్నలకూ అక్కలకూ తరచుగా దక్కుతుంది. కాబట్టి ఈ వివేకం వారికీ అవసరమే.

అలాగని అన్నిటికీ అనుకూలమైన వయస్సు వచ్చేదాకా ఆగుదామనుకోవడమూ సరికాదు. బల్లపై కూర్చొని కలగన్న డిస్నీ, ఆ కలను నిజం చేసేనాటికి డయాన్‌కు 21 ఏళ్లు, షారన్‌కు 18 ఏళ్లు. డయాన్ అప్పటికే ఒక బిడ్డకు తల్లి. ఏ పిల్లల కోసం ఆ ఆలోచన పుట్టిందో, వనం తెరిచేసరికి వారి బాల్యం ముగిసింది. వారికి బాల్యంలో దక్కినది ఒక మామూలు రంగులరాట్నం, సెలవురోజున వెంట వచ్చిన తండ్రి. అది తక్కువేమీ కాదు. వాహనాలు రేపు కూడా తిరుగుతాయి. బాతుల ముందు చతికిలబడే మూడేళ్ల ప్రాయం మాత్రం తిరిగి రాదు. పట్టికను మడిచి జేబులో పెట్టి ఆ బిడ్డ పక్కన కూర్చోగలిగిన తండ్రికి, యశోదకు కృష్ణుడు పట్టుబడినట్లు, ఆ బిడ్డ తానే పట్టుబడతాడు.

కఠినపదాలు – అర్థాలు

ఘట్టం = సన్నివేశం
ఇతివృత్తం = కథావస్తువు
పొలిమేర = ఊరి సరిహద్దు
కొలమానం = కొలిచే సాధనం
పరిపాటి = అలవాటు, వాడుక
జనసమ్మర్దం = జనుల రద్దీ
ప్రాయం = వయస్సు

ప్రశ్నలు

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పసిపిల్లలను వినోదవనానికి తీసుకొని వెళ్లే పెద్దలు పాటించవలసిన నియమాలను వివరించండి.
2. 'పెద్దల కొలమానం వేరు, పసివారి చూపు వేరు' – పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. డిస్నీలాండ్ ఆలోచన ఎలా కలిగింది?
2. ఎత్తు నియమాన్ని ఎందుకు పాటించాలి?
3. యశోద తాటి ఘట్టాన్ని ఈ పాఠానికి ఎలా అన్వయించారు?

ఇ. సందర్భసహిత వ్యాఖ్య రాయండి
"ఉండరా నాయనా, వాణ్ని కాసేపు చూడనివ్వు."

ఈ. సంధులు
రెండంగుళాలు = రెండు + అంగుళాలు – ఉత్వ సంధి
ఆధ్యాత్మికార్థం = ఆధ్యాత్మిక + అర్థం – సవర్ణదీర్ఘ సంధి
మహోత్సాహం = మహా + ఉత్సాహం – గుణ సంధి

ఉ. సమాసాలు
తల్లిదండ్రులు = తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం
బాలకృష్ణుడు = బాలుడైన కృష్ణుడు – విశేషణ పూర్వపద కర్మధారయం
వినోదవనం = వినోదం కొరకు వనం – చతుర్థీ తత్పురుషం