మరల ఆ నిప్పుల యొద్దకు

పఠన భాగములు: యోహాను 18:15–27, 21:9–19



ఇతరుల తప్పులు క్షమింప నేర్చినవారు సయితము తమ్మును తాము నిందించుకొనుట మానలేకపోవుదురు. ఒక తల్లిని తలంచుకొందము. బిడ్డకు జ్వరము రాగా, సామాన్యమైనదే యని రెండు దినములు ఇంటి వైద్యము చేసినది. ఆసుపత్రికి కొనిపోవునప్పటికి ఆలస్యమై బిడ్డ దక్కలేదు. ఏండ్లు గడచినను, "నా చేతులార పోగొట్టుకొంటిని" అను మాట ఆమెను విడువలేదు. ఆరాధనకు వచ్చును, ప్రభువు బల్లలో పాలుపొందును, ఇంటికి పోయి మరల కుములును. "నీకు విశ్వాసము చాలదమ్మా" అని మనము చెప్పిన యెడల ఆమె భారముమీద మరియొక రాయి మోపినవారమగుదుము.

1. రెండు దుఃఖములు. ఒక దుఃఖము మనుష్యుని త్రిప్పి బ్రదికించుననియు, మరియొకటి చావునకు నడుపుననియు పౌలు బోధించెను (2 కొరింథీ 7:10). "ఈ తప్పు నాది" అనుట ఒప్పుకోలు. అది మనకు నేర్పును. "నేనే పనికిమాలినదానను" అనుట నింద. అది మనలను కట్టివేయును.

2. రెండు మంటలు. పేతురు చలిమంట యొద్ద నిలిచి మూడుమారులు బొంకెను. తరువాత సముద్రతీరమున ప్రభువు అతనిని మరల నిప్పుల యొద్దకే పిలిచి, ముమ్మారు ప్రశ్నించెను. ఆ ప్రశ్న "ఏల బొంకితివి?" అని కాదు, ప్రేమను గూర్చినది. జరిగినదానిని దాచనూ లేదు, దెప్పనూ లేదు. భోజనము పెట్టి, గొఱ్ఱెలను అప్పగించెను.

3. చికిత్స చేయు పని. మానసిక చికిత్సయు ఇట్టిదే. గాయపడిన చోటికి మనలను ఒంటరిగా పంపక, తోడుండి నడుపును. 1960వ దశకములో అమెరికా వైద్యుడైన ఆరన్ బెక్, మనస్సులో తోచు తలంపును నిజమని నమ్మక పరీక్షించు పద్ధతిని వృద్ధిచేసెను. ఈ మార్గమున నడచు చికిత్సకులు కొందరు కాగితముమీద ఒక వృత్తము గీయింతురు. రోగపు తీవ్రత, ఆసుపత్రి దూరము, ఇరుగుపొరుగువారి సలహా, ఆనాడు తెలియని సంగతులు—వీటన్నిటికి పాలు పంచిన పిమ్మట, కడపట తన పాలు గీయవలెను. ఆ తల్లి పాలు సున్న కాకపోవచ్చును. వృత్తమంతయు మాత్రము కాదు. ఆ కొంచెమునకై ఆమె దుఃఖింపవచ్చును, దానినుండి నేర్చుకొనవచ్చును.

4. మరల తొట్రిల్లినప్పుడు. చికిత్స పొందుచుండగా పాత నింద ఒకనాడు తిరిగివచ్చును. అప్పుడు "ఇంత నేర్చియు మారనైతిని" అని మరియొక నింద తెచ్చుకొనకుడి. గొఱ్ఱెలను పొందిన పేతురే అంతియొకయలో జనులకు భయపడి వెనుదీయగా, పౌలు అతనిని ఎదుట నిలిచి గద్దించెను (గలతీ 2:11–14). అయినను అతని పిలుపు రద్దుకాలేదు. ఎదుగువాడు పడుచు లేచుచు ఎదుగును.

నిద్ర పట్టకున్నను, బ్రదుకు వలదని తోచినను, ఆలస్యము చేయక వైద్యుని చూడుడి. 2022లో మన ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అను నంబరున ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. పౌలునకు ప్రియుడైన లూకా వైద్యుడే గదా! వైద్యుని యొద్దకు పోవుట అవిశ్వాసము కాదు.

ఆలోచించుటకు: మన వృత్తములో ఇతర కారణముల పాలు కూడ మనమే మోయుచున్నామా? మన సంఘములో కుములుచున్నవారి ప్రక్కను ఎవరు కూర్చుండుచున్నారు?