ప్రిపరేషన్‌కు ఓ గడువు పెట్టుకోండి

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఏ సందులోకి వెళ్లినా హాస్టల్ బోర్డులు, జిరాక్స్ షాపులే. స్పైరల్ బైండింగ్ చేసిన నోట్సు కౌంటర్ల మీద పేర్చి ఉంటుంది. చిక్కడపల్లి గ్రంథాలయంలో సీటు కావాలంటే పొద్దున్నే వెళ్లి బ్యాగు పెట్టుకోవాలి. అక్కడ అమ్మాయిలూ చాలామందే కనిపిస్తారు. డిగ్రీ అవగానే పెళ్లి సంబంధాలు చూసే ఇళ్ల నుంచి, ‘ఇంకో రెండేళ్లు చదువుకుంటా’నని నాన్నను ఒప్పించి వచ్చినవాళ్లు వీళ్లలో ఉన్నారు. ఆ రెండేళ్లు వాళ్లు పోరాడి తెచ్చుకున్నవి. అందుకే ప్రభుత్వ ఉద్యోగాల కోసం గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లను టైం వేస్ట్ బ్యాచ్ అని కొట్టిపారేస్తే నాకు కోపమొస్తుంది. ప్రైవేటు కొలువు ఎప్పుడు ఊడుతుందో తెలియని రోజుల్లో నికరమైన జీతాన్ని, ఊళ్లో గౌరవాన్ని కోరుకోవడం తప్పెలా అవుతుంది?

అయితే లెక్క కూడా చూసుకోవాలి. తెలంగాణ గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది. 783 పోస్టులకు ఐదున్నర లక్షల దరఖాస్తులు. వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష 2024 డిసెంబరులో జరిగింది. దరఖాస్తు చేసినవాళ్లలో సగం మందికి పైగా పరీక్షకే రాలేదు. 2022 నాటి గ్రూప్-1 ప్రిలిమ్స్ అయితే రెండుసార్లు రద్దయి, చివరికి ఆ నోటిఫికేషనే పోయింది. ఇందులో చదివినవాళ్ల తప్పేమీ లేదు. కరిగిపోయిన వయసు మాత్రం వాళ్లదే.

కాబట్టి చదువు మొదలుపెట్టే రోజే ఆపే తేదీ కూడా రాసుకోండి. ‘ఉద్యోగం వచ్చేదాకా’ అంటే అది గడువు కాదు. రెండేళ్లా, మూడేళ్లా అన్నది ఇంటి పరిస్థితిని బట్టి తేల్చుకోండి. నెలనెలా వచ్చే డబ్బు నాన్న అప్పు చేసి పంపుతున్నారేమో మొహమాటపడకుండా అడగండి.

ఒక్క నోటిఫికేషన్‌నే నమ్ముకోవద్దు. గ్రూప్స్ జనరల్ స్టడీస్‌లో రీజనింగ్ ఎలాగూ చదువుతారు. రోజూ ఓ గంట అరిథ్‌మెటిక్ కలిపితే రైల్వే ఎన్టీపీసీ రాయొచ్చు. అందులో ఇంగ్లిష్ విభాగం లేదు, ప్రశ్నలు తెలుగులోనూ ఇస్తారు. తెలుగు మీడియం పిల్లలు చాలామంది ఈ సంగతి తెలియక అటు చూడరు. ఇంగ్లిష్‌కూ ఓ గంట ఇవ్వగలిగితే ఎస్సెస్సీ సీజీఎల్, బ్యాంకు పరీక్షలూ అందుతాయి.

గడువు ముగిసి ప్రైవేటు ఉద్యోగానికి వెళ్తే ఇంటర్వ్యూలో ‘ఈ మూడేళ్లు ఏం చేశారు?’ అని అడుగుతారు. దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ జోలికి పోవద్దు. ఏ పరీక్షలో ఏ దశ దాకా వెళ్లారో ఉన్నదున్నట్టు చెప్పండి. పక్కన చూపించుకోవడానికి ఒక పనైనా ఉండాలి. ట్యాలీ, ఎక్సెల్, పిల్లలకు చెప్పిన ట్యూషన్లు, ఏదైనా సరే. ఆదివారం సగం పూట దానికి కేటాయించండి.

గడువు దగ్గరపడే వేళకు ఒకటి రెండు మార్కుల్లో పోస్టు చేజారితే? మళ్లీ రాయండి, కానీ ఏదో ఒక ఉద్యోగం చేస్తూ రాయండి. 2024 గ్రూప్-1 నోటిఫికేషన్‌లో గరిష్ఠ వయసు 46 ఏళ్లు. పొద్దున రెండు గంటల చదువు, వారానికో మాక్ టెస్టు పెట్టుకున్నా ప్రయత్నం ఆగదు. హాస్టల్ గది మాత్రం ఖాళీ చేసేయండి.